కాల్చకపోతే సరిపోతుందా? గోధుమ పొలంలో దుక్కి, గడ్డి కలిసి నేలను ఎలా మారుస్తాయి

ఏటా దీపావళి దగ్గర పడుతుంటే ఢిల్లీ పొగ వార్తల్లోకి వస్తుంది. పంజాబ్, హర్యానా రైతులు వరి కొయ్యకాళ్లు కాలుస్తున్నారని, నగరానికి ఊపిరాడటం లేదని టీవీల్లో చర్చలు నడుస్తాయి. జరిమానాలు, కేసులు, యంత్రాలకు సబ్సిడీలు, గడ్డిని కుళ్లబెట్టే క్యాప్సూల్స్... ఇవన్నీ గాలి చుట్టూ తిరిగే మాటలే. అదే పొలంలో రెండు మూడు వారాల్లో గోధుమ వేయాలి. గడ్డిని కాల్చకుండా ఉంచితే ఆ నేలకు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ పక్కకు పోతూ ఉంటుంది.

పోనీ వెతికి చదువుదామంటే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఒకరు దున్నడమే మానేయాలంటారు. ఇంకొకరు గడ్డిని మట్టిలో బాగా కలిపేయమంటారు. కలిపితే గోధుమ పసుపు పడుతోందని రైతు అంటాడు. నేలలో కర్బనం పెరిగిందని ఒక అధ్యయనం, పెద్దగా పెరగలేదని మరొకటి. వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో నేల గురించి, ఒక్కో లోతు గురించి, వేర్వేరు ఏళ్ల గురించి మాట్లాడుతున్నారు. పైగా దుక్కి చేసే మేలూ కీడూ గడ్డిని ఏం చేశామన్న దాన్నిబట్టి మారతాయి. గడ్డి చేసే మేలు దుక్కిని బట్టి మారుతుంది. రెండింటి ఫలితం ఆ పొలంలో మిగతా ఆరు నెలలు ఏ పంట ఉందన్న దాన్నిబట్టి మారుతుంది. ముడి పడింది ఇక్కడే.

ముందుగా మాటల అర్థాలు

విత్తే ముందు మట్టిని కదిపే ఏ పనైనా దుక్కే. నాగలి, కల్టివేటర్, డిస్క్, రోటవేటర్ అన్నీ అందులోకే వస్తాయి. మామూలు పద్ధతిలో వరి కోశాక గోధుమ వేయడానికి ట్రాక్టరు పొలంలో చాలాసార్లు తిరుగుతుంది. జీరో టిల్లేజ్‌లో అలా తిరగదు. గింజ పడేంత సన్నని చాలు మాత్రం చీల్చి, అందులో విత్తనం, ఎరువు వేసుకుంటూ ఒక్కసారి పోతుంది. మిగతా మట్టిని ముట్టుకోదు.

ఇక గడ్డి. కోత మిషన్ వెళ్లిపోయాక పొలంలో రెండు రకాల గడ్డి మిగులుతుంది. నిలబడి ఉన్న కొయ్యకాళ్లు ఒకటి, మిషన్ వెనక వరుసలుగా పడిన వదులు గడ్డి ఒకటి. దాన్ని కాల్చవచ్చు, బేలర్‌తో కట్టలు కట్టి తీసుకుపోవచ్చు, మట్టిలో కలిపేయవచ్చు, లేదా పైనే పరిచి వదిలేయవచ్చు. కాల్చడం తప్ప మిగతా మూడింటినీ వార్తల్లో 'గడ్డి నిర్వహణ' అనే ఒకే మాట కింద కలిపేస్తారు. గాలికి ఆ మూడూ ఒకటే కావచ్చు. నేలకు మాత్రం మూడూ మూడు వేర్వేరు సంగతులు.

నేల ఆరోగ్యం అనేది కూడా ఒక్క పరీక్షతో తేలేది కాదు. నీరు ఎంత త్వరగా ఇంకుతోంది, వేరు ఎంత సులువుగా దిగుతోంది, సేంద్రియ కర్బనం ఎంత ఉంది, పోషకాలు ఏ లోతులో ఉన్నాయి, వానపాములు, సూక్ష్మజీవులు ఎలా ఉన్నాయి... ఇవన్నీ అందులో భాగం. వీటిలో ఒకటి మెరుగుపడుతుండగానే ఇంకొకటి దిగజారవచ్చు. ఒకే పొలం గురించి ఇద్దరు శాస్త్రవేత్తలు రెండు తీర్పులు ఇవ్వడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

గోధుమ పొలంలో వరిగడ్డి గొడవ ఎలా మొదలైంది

పంజాబ్ రైతు గోధుమ గడ్డిని సాధారణంగా పారేయడు. దాన్ని యంత్రంతో సన్నగా నలిపి 'తూడీ' చేస్తాడు. అది పశువులకు మంచి మేత, అమ్మితే డబ్బు కూడా. అక్కడి వరిగడ్డికి ఆ గౌరవం లేదు. అందులో సిలికా ఎక్కువ, పశువులు ఇష్టపడవు. బాస్మతి గడ్డిని కొంతవరకు మేపుతారు గానీ మిగతా రకాల గడ్డి పొలంలోనే మిగులుతుంది. పంజాబ్‌లో ఏటా పోగయ్యే వరిగడ్డి దాదాపు 2 కోట్ల టన్నులు. కాబట్టి అక్కడి గోధుమ నేల గురించి మాట్లాడటమంటే దాని ముందున్న వరి పంట గడ్డి గురించి మాట్లాడటమే.

దీనికి తోడు టైమ్ చాలదు. భూగర్భ జలాలు అడుగంటిపోతున్నాయని పంజాబ్ ప్రభుత్వం 2009లో ఒక చట్టం తెచ్చింది. మే 10కి ముందు నారు పోయకూడదు, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదు అన్నది అప్పట్లో దాని సారం. మండువేసవిలో నీళ్లు తోడటం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. అటు గోధుమను నవంబరు మధ్యలోపు వేయకపోతే మార్చిలో గింజ పాలు పోసుకునే సమయానికి ఎండ ముదిరి దిగుబడి పడిపోతుంది. రెండు పంటల మధ్య రైతుకు మిగిలేది రెండు మూడు వారాలు. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి, చేతిలో అంత తక్కువ టైమ్, జేబులో అగ్గిపెట్టె. మంట ఎందుకు పెడుతున్నాడో అర్థం చేసుకోవడానికి రైతును విలన్‌ని చేయాల్సిన పని లేదు.

దున్నితే మట్టిలో జరిగేదేమిటి

ఆరోగ్యంగా ఉన్న మట్టిని చేతిలోకి తీసుకుంటే పొడిలా జారిపోదు, ఇటుకలా గట్టిగానూ ఉండదు. చిన్నచిన్న గుళికలుగా విడిపోతుంది. బంకమట్టి రేణువులు, కుళ్లిన సేంద్రియ పదార్థం, సన్నని వేర్లు, శిలీంధ్రాల పోగులు, సూక్ష్మజీవులు వదిలిన జిగురు కలిసి ఆ గుళికల్ని కడతాయి. గుళికల మధ్య ఖాళీల్లోంచి నీరు, గాలి వెళతాయి. గుళికల లోపల సేంద్రియ పదార్థం దాగి ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవులకు సులువుగా అందదు కాబట్టి అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

దుక్కి ఈ గుళికల్ని విడగొడుతుంది. దాగి ఉన్న కర్బనం బయటపడుతుంది, గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేసి బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. దున్నిన కొత్తలో పంట పచ్చగా ఎదగడానికి కారణం కూడా ఇదే. పాత సేంద్రియ పదార్థం కరిగినప్పుడు అందులోని నత్రజని విడుదలవుతుంది. ఏటా అదే జరిగితే నిల్వ తరుగుతూ పోతుంది. రోటవేటర్ మట్టిని మెత్తని పిండి చేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, మొదటి తడికో వానకో ఆ పిండి అతుక్కుని పైన పెచ్చు కడుతుంది. ఏళ్ల తరబడి ఒకే లోతులో దున్నుతుంటే ఆ కింద గట్టిపొర ఏర్పడి వేర్లను ఆపేస్తుంది.

అయితే వేల ఏళ్లుగా రైతులు దున్నుతున్నది తెలియక కాదు. దుక్కి కలుపును చంపుతుంది. పైన పేరుకున్న ఎరువును కిందికి కలుపుతుంది. బిగుసుకున్న నేలను వదులు చేస్తుంది. తేమ, చలి ఎక్కువున్న చోట నేలను త్వరగా ఆరబెట్టి వేడెక్కిస్తుంది. గింజకు మట్టి తగిలేలా చేసి మొలకను సమంగా తెస్తుంది. దుక్కి మానేసినప్పుడు ఈ పనులన్నీ ఇంకెవరో చేయాలి. వాటిలో చాలావరకు గడ్డి, వేర్లు, వానపాములు చేయగలవు. వాటికి టైమ్ కావాలి. మొదటి రెండు మూడేళ్లలో జీరో టిల్లేజ్ పొలం కొన్ని నేలల్లో ఇంకా బిగుసుకున్నట్టు కనిపించడం అందుకే.

గడ్డి పైన పరిస్తే ఒకటి, లోపల కలిపితే ఇంకొకటి

పైన పరిచిన గడ్డి ముందు నేలకు నీడ ఇస్తుంది. ఎండకి తేమ ఆవిరైపోవడం తగ్గుతుంది. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు కాబట్టి పెచ్చు కట్టదు. పగలు నేల అంత వేడెక్కదు. మార్చి నెల ఎండల్లో గోధుమకు ఇది చాలా విలువైన సంగతి. 2022 మార్చి దేశంలో 1901 నుంచి నమోదైన మార్చి నెలలన్నింటిలోకీ వేడిది. ఆ ఏడు గింజ సన్నబడి గోధుమ దిగుబడి దెబ్బతింది, మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. అలాంటి ఏడాదుల్లో గడ్డి కప్పు, సకాలంలో విత్తడం కలిసి పంటకు కొంత రక్షణ ఇస్తాయి.

దీనివల్ల ఒక తడి ఆదా అవుతుందని తరచూ చెబుతారు. అది కొన్ని నేలల్లో, కొన్ని ఏళ్లలో నిజం. నేల నుంచి ఆవిరి కాకుండా మిగిలిన నీటిని చాలాసార్లు పంటే తాగి ఇంకాస్త బాగా ఎదుగుతుంది. రైతుకు లాభమే. కాకపోతే భూగర్భ జలం అంతమేరకు మిగిలిందని లెక్క రాసుకోవడం కుదరదు.

పైనున్న గడ్డి మెల్లగా కుళ్లుతుంది. మట్టికి అడుగు భాగమే తగులుతుంది కాబట్టి సూక్ష్మజీవులు దాన్ని పైపైన తింటూ వస్తాయి. వానపాములు ముక్కల్ని కిందికి లాక్కుపోతాయి, వాటి బొరియలే తర్వాత నీటికి దారులవుతాయి. లోపల కలిపేస్తే ముక్క చుట్టూ మట్టి, తేమ, సూక్ష్మజీవులు చేరి త్వరగా కుళ్లబెడతాయి. నీడ ఉండదు. బొరియలు తెగిపోతాయి. పైగా కలపడమంటే మళ్లీ దున్నడమే కదా.

ఒక ఎకరా లెక్క: గడ్డిలో ఏముంది, ఎటు పోతుంది

టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయని పంజాబ్‌లో అందరూ వాడే లెక్క. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి అనుకుందాం. అప్పుడు కర్బనం 1,000 కిలోలు, నత్రజని 14, భాస్వరం 6, పొటాష్ 62, గంధకం 3 కిలోలు. ఆ 62 కిలోల పొటాష్‌ను దుకాణంలో కొనాలంటే 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలు రెండు కావాలి.

కాలిస్తే కర్బనం దాదాపు పూర్తిగా, నత్రజని 80 శాతానికి పైగా, గంధకం సగం దాకా గాల్లో కలుస్తాయి. భాస్వరంలో పాతిక శాతం, పొటాష్‌లో 20 శాతం పోతాయి. అంటే కాలిస్తే పోషకాలన్నీ నాశనమనే మాట పూర్తిగా సరికాదు. పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదగా పొలంలోనే ఉంటుంది.

బేలర్‌తో గడ్డి ఎత్తి విద్యుత్ కేంద్రానికో ఇటుక బట్టీకో పంపడాన్ని మంచి పరిష్కారంగా చూపిస్తారు. గాలికి అది నిజంగానే మంచిది, అందులో అనుమానం లేదు. నేల వైపు నుంచి చూస్తే ఎత్తిన గడ్డితో పాటు కర్బనం మాత్రమే కాదు, పొటాష్ కూడా పొలం దాటిపోతుంది. ఆ ఒక్క పోషకం విషయంలో కట్టలు కట్టి పంపడం కాల్చడం కన్నా నేలను ఎక్కువ ఖాళీ చేస్తుంది. ఆ లోటును ఎవరు భర్తీ చేయాలి, ఆ ఖర్చు గడ్డి ధరలో కలిసిందా లేదా అన్న ప్రశ్న వార్తల్లో ఎక్కడా వినపడదు. వినపడాలి.

గోధుమ పసుపు పడటం వెనక నత్రజని సంగతి

గడ్డి కలిపిన పొలంలో గోధుమ లేతగా, పసుపుగా కనిపిస్తోందని రైతు చెప్పే మాటను కొట్టిపారేయడానికి లేదు. దానికి చక్కటి లెక్క ఉంది.

మన ఎకరా గడ్డిలో కర్బనం 1,000 కిలోలు, నత్రజని 14 కిలోలు. అంటే ఒక పాలు నత్రజనికి 70 పాళ్లకు పైగా కర్బనం. సూక్ష్మజీవులు గడ్డిని తిన్నప్పుడు కర్బనంలో చాలాభాగాన్ని ఊపిరిగా వదిలేసి, ఓ 30 శాతాన్ని ఒంటికి పట్టించుకుంటాయి అనుకుందాం. అంటే 300 కిలోలు. వాటి ఒంట్లో పది పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి, అంటే 30 కిలోలు కావాలి. గడ్డిలో ఉన్నది 14. మిగతా 16 కిలోలు మట్టిలోంచే లాక్కుంటాయి. యూరియా రూపంలో చెప్పాలంటే దాదాపు 35 కిలోలు, 45 కిలోల బస్తాలో ముప్పాతిక భాగానికి పైనే. పైరు తినాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులు ముందు తినేస్తున్నాయన్న మాట.

ఇది పోయిన నత్రజని కాదు, అప్పుగా పోయినది. ఆ సూక్ష్మజీవులు చనిపోయినప్పుడు మళ్లీ నేలకు వస్తుంది. కానీ గోధుమకు అవసరమైన వారాల్లో అందకపోవచ్చు. ఇక్కడే పైన పరచడానికి, లోపల కలపడానికి తేడా బయటపడుతుంది. కలిపిన గడ్డి త్వరగా కుళ్లుతుంది కాబట్టి అప్పు ఒక్కసారిగా పడుతుంది. విత్తే ముందు ఓ పదిహేను ఇరవై రోజుల వ్యవధి ఉంటే ఆ దెబ్బ తగ్గుతుంది. పంజాబ్ రైతుకు లేనిది సరిగ్గా ఆ వ్యవధే. పైన పరిస్తే అప్పు కొద్దికొద్దిగా నెలల తరబడి సాగుతుంది, ఎరువును చాలులో గింజ పక్కన వేస్తే సూక్ష్మజీవుల కన్నా వేరుకే ముందు అందుతుంది. అయితే ఆ తర్వాత పైన చల్లే యూరియా గడ్డి మీద పడి కొంత ఆవిరైపోతుంది. తడి ఇచ్చే వేళను బట్టి ఆ నష్టం పెరుగుతుంది, తగ్గుతుంది.

కర్బనం పెరుగుతుందా? ఏ లోతులో చూస్తే?

మళ్లీ మన ఎకరాకే వద్దాం. పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 850 టన్నులు. అందులో సేంద్రియ కర్బనం 0.4 శాతం నుంచి 0.5 శాతానికి రావాలంటే 850 కిలోల కర్బనం అదనంగా నిలవాలి. గడ్డిలో ఏటా 1,000 కిలోలు వస్తోంది కదా, ఒక్క ఏడాది చాలనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఏడాది రెండేళ్లలో వాయువైపోతుంది. 10 నుంచి 15 శాతం నిలుస్తుందనుకుంటే ఏటా 100 నుంచి 150 కిలోలు. ఈ లెక్కన ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి దాదాపు ఆరు నుంచి ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది. పాత కర్బనం తరిగిపోవడాన్ని ఇందులో కలపలేదు. ఒకటి రెండేళ్ల ప్రయోగం చూసి పెరిగిందనో పెరగలేదనో తేల్చడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ ప్రయోగం నడుస్తోంది. పేరు బ్రాడ్‌బాక్. ఏటా పశువుల ఎరువు వేసిన మడుల్లో కర్బనం, ఏమీ వేయని మడులతో పోలిస్తే రెండు రెట్లకు పైగా చేరింది. దానికి పట్టింది దశాబ్దాలు, వేసింది హెక్టారుకు ఏటా 35 టన్నుల ఎరువు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1993 నుంచి గడ్డి కాల్చడం నిషేధం కూడా. అక్కడి రైతులు చాలామంది గడ్డిని ముక్కలు చేసి దున్ని కలిపేయడం వైపు వెళ్లారు. పొగ ఆగింది. అది గాలి సమస్యకు జవాబైంది, దుక్కి మాత్రం కొనసాగింది.

ఇక దుక్కి మానేస్తే కర్బనం పెరుగుతుందన్న వాదన. పై పది సెంటీమీటర్ల మట్టి తీసి పరీక్షిస్తే జీరో టిల్లేజ్ పొలమే దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. అయితే దున్నిన పొలంలో గడ్డి, వేర్లు 20, 30 సెంటీమీటర్ల లోతుకు వెళతాయి. అక్కడిదాకా తవ్వి కొలిస్తే తేడా బాగా తగ్గుతుంది, కొన్నిచోట్ల మాయమవుతుంది. కర్బనం పెరగలేదు, పైకి జరిగింది అంతే అని ఒక పక్షం అంటుంది. 2014లో నేల శాస్త్రవేత్త డేవిడ్ పౌల్సన్, సహచరులు నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో రాసిన వ్యాసం ఈ పక్షానిది. వాతావరణ మార్పును జీరో టిల్లేజ్ ఆపుతుందన్న ఆశలు అతిగా ఉన్నాయని, ఆ పద్ధతికి వేరే మంచి కారణాలు ఉన్నాయని వాళ్ల వాదన. పూర్తిగా చూస్తే, ముఖ్యంగా గడ్డి కూడా ఉంచి, పంటలు మార్చే చోట, నిజమైన పెరుగుదల ఉందని రెండో పక్షం అంటుంది.

నాకు ఈ రెండింటిలో వైరుధ్యం కనిపించదు. వాతావరణం లెక్క వేసేవాళ్లకు మొత్తం లోతు ముఖ్యం. రైతుకు పై ఐదు సెంటీమీటర్లే చాలా పనులు చేసిపెడతాయి. వాన ఇంకేది అక్కడే, పెచ్చు కట్టేది అక్కడే, మొలక బయటికి వచ్చేది అక్కడి నుంచే. కర్బనం పైకి జరిగినా ఆ పొరకు మేలే. గోధుమ నేలకు ఇది మంచిదా అన్న ప్రశ్ననూ, కర్బనాన్ని నేలలో నిలిపినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ డబ్బులు దీనికి ఇవ్వొచ్చా అన్న ప్రశ్ననూ ఒకే నమూనాతో తేల్చకూడదు.

గడ్డి తీసేసి దుక్కి మానేస్తే: మెక్సికో పాఠం

అన్నింటికన్నా నాకు ముఖ్యంగా తోచే సంగతి ఇది. మెక్సికోలో అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన సంస్థ సిమిట్ ప్రధాన కేంద్రం ఎల్ బతాన్‌లో 1991 నుంచి వర్షాధార గోధుమ, మొక్కజొన్నలతో దీర్ఘకాలిక ప్రయోగం చేశారు. దున్నడం, దున్నకపోవడం, గడ్డి ఉంచడం, తీసేయడం అన్నీ కలిపి చూశారు. దున్నకుండా గడ్డి ఉంచిన మడులు బాగా నిలిచాయి. దున్నకుండా గడ్డి తీసేసిన మడులు దున్నిన మడుల కన్నా కూడా దిగజారాయి. పైన పెచ్చు కట్టింది, నీరు ఇంకలేదు, గుళికలు చెదిరాయి, దిగుబడి పడిపోయింది.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. దుక్కి పైపెచ్చును పగలగొడుతుంది. గడ్డి అసలు పెచ్చు కట్టకుండా చూస్తుంది. రెండూ లేకపోతే నేలకు దిక్కు లేదు. పైకప్పు తీసేసి, వాన పడితే నీళ్లు తోడే మనిషిని కూడా మాన్పించిన ఇల్లులాంటిది ఆ పొలం.

2015లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ 63 దేశాల్లోని 610 అధ్యయనాలను కలిపి చూసింది. కేవలం దుక్కి మానేస్తే సగటున దిగుబడి తగ్గుతోందని తేల్చింది. గడ్డి ఉంచడం, పంట మార్పిడి కూడా తోడైతే ఆ నష్టం బాగా తగ్గింది, పొడి వాతావరణంలోని వర్షాధార భూముల్లో దిగుబడి పెరిగింది కూడా. కాబట్టి 'జీరో టిల్లేజ్ విఫలమైంది' అనే వార్త చదివినప్పుడు అసలు సంగతి తరచూ ఆ పొలంలో గడ్డి ఏమైందన్న దగ్గరే ఉంటుంది.

నవంబరులో కూడబెట్టింది జూన్‌లో పోతుంది

సింధు-గంగా మైదానం కథలో ఇంకో చిక్కుంది. గోధుమను దున్నకుండా, గడ్డి కప్పుతో వేశారనుకుందాం. ఆరు నెలల్లో వానపాములు చేరాయి, గుళికలు కుదురుకున్నాయి. ఏప్రిల్‌లో గోధుమ కోశారు, తూడీ కోసం ఆ గడ్డి తీసేశారు. జూన్‌లో వరికి నీళ్లు పెట్టి దమ్ము చేశారు. దమ్ము చేయడమంటే నీటిలో మట్టి గుళికల్ని కావాలని చెదరగొట్టి, నీరు కిందికి దిగకుండా బురద పొర చేయడం. వరికి అది మేలు. గోధుమ కోసం కట్టుకున్న నిర్మాణం అక్కడితో సరి. అడుగున గట్టిపొర మళ్లీ బిగుస్తుంది.

అందుకే వరి-గోధుమ పొలాల్లో గోధుమకు మాత్రమే జీరో టిల్లేజ్ చేసిన చోట నేల మార్పు నెమ్మదిగా, కొద్దిగానే కనబడుతుంది. ఖర్చు, డీజిల్, టైమ్ ఆదా మొదటి ఏడాదే కనిపిస్తాయి. నేల మార్పు పూర్తిగా కనిపించాలంటే వరిని కూడా నేరుగా వెదజల్లి పండించాలి, లేదా వరి స్థానంలో మొక్కజొన్న లాంటిది రావాలి. వెద వరిలో కలుపు బెడద, ఇనుము లోపం వస్తాయి. వరికి ఉన్న ఖచ్చితమైన ప్రభుత్వ కొనుగోలు మొక్కజొన్నకు లేదు. నేల గురించి మొదలైన మాట కనీస మద్దతు ధర దగ్గరికి వెళ్లకుండా ఉండదు.

కలుపు, పురుగు, ట్రాక్టరు

హర్యానా రైతు జీరో టిల్లేజ్‌కి మొదట వచ్చింది నేల ఆరోగ్యం కోసం కాదు. 1990ల మొదట్లో అక్కడ గోధుమలో 'గుల్లీ డండా' అనే గడ్డి కలుపు ఐసోప్రోట్యురాన్ అనే కలుపు మందుకు చావడం మానేసింది. చూడటానికి అచ్చం గోధుమలాగే ఉంటుంది, పొలాలకు పొలాలు మింగేసింది. దున్నకపోతే కింద ఉన్న కలుపు గింజలు పైకి రావు, తక్కువ మొలుస్తాయి. ముందుగా విత్తిన గోధుమ దాన్ని మించి ఎదుగుతుంది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన, తలకిందుల 'టీ' ఆకారంలో చాలు చీల్చే పనిముట్టుతో పంత్‌నగర్ విశ్వవిద్యాలయం తయారు చేసిన డ్రిల్లు, అంటే విత్తే యంత్రం, అప్పుడు అక్కరకొచ్చింది. తర్వాత్తర్వాత ఆ కలుపు కొత్త మందులకూ తట్టుకోవడం నేర్చుకుంది. దుక్కి మానేస్తే కలుపు మందు మీద ఆధారం పెరుగుతుందన్న విమర్శకు బలం ఉంది. ఆస్ట్రేలియాలో జీరో టిల్లేజ్ బాగా పాతుకుపోయిన చోట కూడా మందుకు లొంగని రైగడ్డి కోసం కొన్నేళ్లకొకసారి కావాలని దున్నేవాళ్లున్నారు.

మొదట్లో ఆ డ్రిల్లు వదులు గడ్డిలో నడవలేకపోయేది, గడ్డి చుట్టుకుని ఆగిపోయేది. 2000ల మొదట్లో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి రూపొందించిన హ్యాపీ సీడర్ ఆ చిక్కు తీర్చింది. ముందున్న గడ్డిని కోసి ఎత్తి, చాలులో గింజ వేసి, గడ్డిని దాని మీదే పరుస్తుంది. కోత మిషన్‌కు వెనక గడ్డిని సమంగా చల్లే పరికరం ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం కాల్చడం కన్నా ఈ పద్ధతిలోనే రైతుకు లాభం ఎక్కువ. అయినా చాలామంది ఇప్పుడు సూపర్ సీడర్ వైపు మొగ్గుతున్నారు. అది రోటవేటర్ పళ్లతో గడ్డిని మట్టిలో కలిపేస్తూ విత్తుతుంది, పొలం శుభ్రంగా కనిపిస్తుంది. దానికి ఇంకా పెద్ద ట్రాక్టరు కావాలి. వార్తల్లో రెండూ 'కాల్చకుండా విత్తే యంత్రాలు'. నేల లెక్కలో ఒకటి దున్నదు, ఇంకొకటి దున్నుతుంది.

పురుగు సంగతి కూడా నిజమే. వరిలో ఉన్న గులాబి రంగు కాండం తొలుచు పురుగు గోధుమకు మారుతోందని, గడ్డి ఉంచిన పొలాల్లో ఎక్కువగా కనిపిస్తోందని పంజాబ్ రైతులు ఫిర్యాదు చేస్తున్నారు. ఎలుకలకూ గడ్డి కప్పు మంచి చాటు. గోధుమ మీద గోధుమ వేసే దేశాల్లో గడ్డిని ఆసరా చేసుకుని ఆకుమచ్చ తెగులు, మొదలు కుళ్లు బతుకుతాయి. పంట మారిస్తే ఈ గొలుసు తెగుతుంది, అది మార్కెట్ మీద ఆధారపడి ఉంటుంది.

కృష్ణా డెల్టా మినుము, గుంటూరు మొక్కజొన్న, తెలంగాణ యాసంగి

తెలుగు నేల మీద ఆదిలాబాద్ లాంటి కొన్ని చోట్ల కొద్దిగా తప్ప గోధుమ లేదు. దున్నకుండా విత్తడం మాత్రం మనకు పాత అలవాటే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదును మీద మినుము, పెసర చల్లడం తరాల నాటి పద్ధతి. 2000ల నుంచి గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో వరి కోసిన మాగాణుల్లో దున్నకుండా రంధ్రాలు చేసి మొక్కజొన్న విత్తడం బాగా వ్యాపించింది. ఇక్కడ కూడా కారణం నేల ఆరోగ్యం కాదు, మిగిలిన తేమ, టైమ్, ఖర్చు. గడ్డి ఎక్కువగా వామికి పోయేది కాబట్టి పైకప్పు అంతంతమాత్రమే. ఆ నేలలు చాలావరకు బరువైన నల్లమట్టి. ఎండితే పగుళ్లిచ్చి తమను తామే వదులు చేసుకుంటాయి. మెక్సికోలో కనిపించినంత నష్టం ఇక్కడ అదే తీరులో వస్తుందని అనుకోలేం.

తెలంగాణ పరిస్థితి వేరు. వానాకాలం వరి తర్వాత చాలా చోట్ల మళ్లీ యాసంగి వరే. కోత మిషన్లు పెరిగాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం ఇక్కడా పెరిగింది. ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి నీటిలో కలియదున్నమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. పొటాష్, కర్బనం పొలంలోనే ఉంటాయి, ఆ వరకు మంచిదే. కానీ పచ్చి గడ్డి నీటి కింద గాలి అందకుండా కుళ్లితే మీథేన్ వాయువు ఎక్కువగా పుడుతుంది. నాటు వేసిన కొత్తలో ఆ కుళ్లు వేర్లకు ఇబ్బంది పెడుతుంది. గోధుమ పొలంలో పొడి నేల మీద గడ్డి చేసే మేలు ఇక్కడ అలాగే జరగదు. వరి తర్వాత మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, శనగ వేసే పొలాలకు పంజాబ్ అనుభవం దగ్గరగా ఉంటుంది. వరి మీద వరి వేసే పొలానికి గడ్డి లెక్క వేరుగా వేయాలి. కుళ్లడానికి ముందు ఎన్ని రోజుల గాలి దొరికింది, ఎంత కలిపారు, ఎప్పుడు నీరు పెట్టారు అన్నవి అందులో అంకెలు.